గంటకు 30 మి.లీ.: ఐసీయూలో మూత్ర సూచికల ప్రాజెక్టు డైరీ

హనుమకొండలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో, దానికి ఆనుకుని ఉన్న ల్యాబ్‌లో ఈ పని నడుస్తోంది: మూత్రాన్ని కొలిచి, చూసి, కిడ్నీ దెబ్బను ముందే పసిగట్టగలమా అని తేల్చుకోవడం. నేను అక్కడ ల్యాబ్ టెక్నీషియన్‌ను. ఎలక్ట్రానిక్స్ భాగాన్ని పాలిటెక్నిక్‌లో చదివిన మా తమ్ముడు చూస్తున్నాడు. ఎథిక్స్ కమిటీ అనుమతి ఉంది. బంధువులు సంతకం చేసిన రోగుల దగ్గరే కొలుస్తున్నాం. మా అంకెలను మాత్రమే చూసి ఎవరి చికిత్సా మార్చరు. ఈ షరతు డాక్టర్ గారిది. ఈ పని చేయాలనుకునే వాళ్లందరికీ ఇదే మొదటి షరతు కావాలి.

సమస్య ఇది. కిడ్నీలు దెబ్బతిన్న సంగతి రక్తంలోని క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపే వ్యర్థం) ఒకటి రెండు రోజులు ఆలస్యంగా చెబుతుంది. సెలైన్ ఎక్కువగా ఎక్కిస్తే అది పలచబడి ఇంకా ఆలస్యమవుతుంది. మా దగ్గరికి ములుగు, ఏటూరునాగారం, మహబూబాబాద్ వైపు నుంచి రక్తపింజరి కాటుతో, వడదెబ్బతో, వానాకాలం జ్వరం ముదిరి వచ్చే వాళ్లలో చాలామందికి పాత క్రియాటినిన్ రిపోర్టే ఉండదు. పెరిగిందో లేదో దేనితో పోల్చి చెప్పాలి? మూత్రం మాత్రం ఆ గంటకు ఆ గంట సంగతి చెబుతుంది, సరిగ్గా పట్టుకుంటే.

మేము ఎంచుకున్నవి మూడు:

1. గంటగంటకూ వచ్చే మూత్రం.
2. మైక్రోస్కోపు కింద సెడిమెంట్ (మూత్రం అడుగున చేరే కణాలు, ముక్కలు) స్కోరు.
3. మూత్రంలో అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రోటీన్), క్రియాటినిన్‌ల నిష్పత్తి.

కిడ్నీ దెబ్బను ముందే చూపే ప్రోటీన్లను (బయోమార్కర్లను) కొలిచే ఖరీదైన కిట్‌ల గురించి చాలామంది అడిగారు. వాటి విలువను కాదనడం లేదు. 2005లో గుండె ఆపరేషన్ జరిగిన పిల్లల మూత్రంలో ఎన్‌గాల్ అనే ప్రోటీన్ రెండు గంటలకే పెరిగినట్లు చూపించారు. టింప్-2, ఐజీఎఫ్‌బీపీ7 అనే రెండు ప్రోటీన్లను కలిపి కొలిచే నెఫ్రోచెక్ పరీక్షకు 2014లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఆ విలువ 0.3 దాటితే రాబోయే 12 గంటల్లో కిడ్నీలకు మధ్యస్థం నుంచి తీవ్రమైన దెబ్బ తగిలే ముప్పు ఎక్కువని లెక్క. అయితే ఎన్‌గాల్ తెల్ల రక్తకణాల నుంచీ వస్తుంది. క్యాథెటర్ (మూత్రాశయంలోకి వేసే గొట్టం) ఉన్న రోగికి మూత్రంలో చీము కణాలుంటే ఆ అంకెను నమ్మలేం. పైగా ఈ ప్రోటీన్లను కొలిచే ఎలీసా పరీక్ష ప్లేటు 96 గదులది. అది నిండేదాకా నమూనాలను మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. ఆ ఫ్రీజర్ మా దగ్గర లేదు. శాంపిల్ ఏ గంటది, ఆ గంటలో ఎంత మూత్రం వచ్చింది అనే రెండు సంగతులు తెలియకుండా ఏ బయోమార్కర్ కొన్నా డబ్బు దండగ అని నా గట్టి అభిప్రాయం. అందుకే ముందు ఆ రెండింటినీ సరిచేస్తున్నాం.

దశ 1: యూరోబ్యాగ్‌ను తూచడం

కెడిగో అనే అంతర్జాతీయ కిడ్నీ సంస్థ 2012 మార్గదర్శకాల ప్రకారం, కిలో బరువుకు గంటకు 0.5 మి.లీ. కంటే తక్కువ మూత్రం ఆరు గంటల పాటు వస్తే అది కిడ్నీ దెబ్బలో మొదటి దశ. అదే 12 గంటలు కొనసాగితే రెండో దశ. 60 కిలోల మనిషికి గంటకు 30 మి.లీ. అన్నమాట. మామూలు యూరోబ్యాగ్ (మూత్రం చేరే సంచి) మీద గీతలు 100 మి.లీ.కు ఒకటి. మంచం పక్కన వంకరగా వేలాడే సంచిలో 30 మి.లీ. తేడా కంటికి అందదు. గంట గంటకూ కొలిచే గది ఉన్న యూరోమీటర్ వాడవచ్చు కానీ అది ప్రతి రోగికీ కొత్తది కావాలి, గంటకోసారి ఎవరో ఒకరు వంగి చూడాలి.

మూత్రం సాంద్రత 1.002 నుంచి 1.035 మధ్య ఉంటుంది. కాబట్టి గ్రామును మి.లీ.గా తీసుకుంటే తప్పు మూడు శాతం చుట్టూనే ఉంటుంది. అందుకే తూకం.

కట్టిన విధానం:

1. 5 కిలోల లోడ్ సెల్ (బరువును కొలిచే సెన్సర్) కడ్డీ ఒక కొసను మంచం పట్టీకి బిగించాం.
2. రెండో కొసకు కొక్కెం, కొక్కేనికి సంచి.
3. లోడ్ సెల్ తీగలు హెచ్‌ఎక్స్711 బోర్డుకు (సంకేతాన్ని అంకెగా మార్చేది), అక్కడి నుంచి చిన్న కంప్యూటర్ బోర్డు ఈఎస్‌పీ32కు.
4. సెకనుకు 10 రీడింగులు. ఒక నిమిషం రీడింగుల్లో సరిగ్గా నడుమ పడే మధ్య విలువను (మీడియన్) మాత్రమే దాస్తాం.

మొదట సగటు తీసుకున్నాం. సంచికి చేయి తగిలిన ప్రతిసారీ సగటు చెడింది. మధ్య విలువకు మార్చాక ఆ ఇబ్బంది చాలావరకు పోయింది.

ఖర్చు: లోడ్ సెల్ 160, బోర్డు 90, ఈఎస్‌పీ32 450, అక్రిలిక్ పలక, కొక్కేలు, మరలు 300. ఇప్పటివరకు: రూ. 1,000

దశ 2: నీళ్ల సీసా చెప్పిన నిజం

రోగి దగ్గర పెట్టే ముందు మూత బిగించిన నీళ్ల సీసాలు, మొత్తం 1.5 కిలోలు, ఖాళీ మంచానికి వేలాడదీసి వదిలేశాం. బరువు మారకూడదు. మారింది.

మొదటి అరగంటలో 4 గ్రాములు జారి నిలబడింది. బరువు వేసిన కొత్తలో లోడ్ సెల్ లోహం కొద్దిగా సాగడం వల్ల వచ్చే జారుడు అది. అంతవరకు ఫర్వాలేదు. అసలు దెబ్బ కరెంటు పోయినప్పుడు కనబడింది. జనరేటర్ మీద మానిటర్లు, వెంటిలేటర్లు నడిచాయి, ఏసీ ఆగింది. గది 24 డిగ్రీల నుంచి 31కి చేరేసరికి రీడింగు 13 గ్రాములు తప్పింది. అంటే ఒక్క చుక్క రాకుండానే అరగంట మూత్రం వచ్చినట్లు లేదా పోయినట్లు లెక్క. మండు వేసవిలో ఓరుగల్లులో ఈ పరీక్ష చేయకుండా ఎవరూ తూకాన్ని నమ్మవద్దు.

మార్చినవి:

1. లోడ్ సెల్‌కు తగిలేలా ఒక ఉష్ణోగ్రత సెన్సర్ అంటించాం.
2. అదే సీసాతో, ఏసీ వేసి, ఆపి, డిగ్రీకి ఎన్ని గ్రాములు మారుతుందో గీశాం. మా సెల్‌కు 1.8 గ్రాములు వచ్చింది. విడిగా కొన్న రెండో సెల్‌కు ఇది వేరుగా ఉంది. కాబట్టి మా అంకెను వాడుకోకండి, మీ సెల్‌ను మీరే కొలవండి.
3. దిద్దుబాటు పెట్టాక తేడా 3 గ్రాముల లోపుకు వచ్చింది.
4. కొక్కెం స్థానంలో చేపల గాలానికి వాడే తిరుగుడు కొక్కెం వేశాం. సంచి మెలికపడినప్పుడు కడ్డీని పక్కకు లాగడం ఆగింది.

ఖర్చు: సెన్సర్ 120, రెండో లోడ్ సెల్ 160, కొక్కెం 40. ఇప్పటివరకు: రూ. 1,320

దశ 3: గొట్టంలో దాక్కున్న గంట

ఇంతసేపు తూకం గురించి రాశాను గానీ, అన్నిటికంటే పెద్ద తప్పు తూకంలో లేదు. అది గొట్టంలో ఉంది.

ఒక రాత్రి రికార్డులో వరుసగా మూడు గంటలు దాదాపు సున్నా. ఆ తర్వాత ఒకే నిమిషంలో 140 గ్రాములు. సిస్టర్ రోగిని పక్కకు తిప్పిన నిమిషం అది. కిడ్నీలు ఆగి మళ్లీ మొదలు కాలేదు. క్యాథెటర్ నుంచి సంచికి వెళ్లే గొట్టం మంచం అంచున కిందికి వంగి, మళ్లీ పైకి లేచి, ఆ వంపులో మూత్రం నిలిచిపోయింది. వెనక గాలి అడ్డుపడి మూత్రాశయంలోనూ కొంత ఆగింది.

గొట్టం లోపలి వ్యాసం కొలిచాం: 6.5 మి.మీ. ఆ లెక్కన మీటరు గొట్టంలో 33 మి.లీ. పడుతుంది. 60 కిలోల మనిషికి ఒక గంట హద్దు మొత్తం గొట్టంలోనే నిలిచిపోగలదు! ఈ ఒక్క లెక్క తెలిశాక, కాగితం చార్టుల్లోని గంట అంకెలను నేను మునుపటిలా చదవలేకపోతున్నాను.

ఇప్పుడు పాటిస్తున్న క్రమం:

1. గొట్టం క్యాథెటర్ నుంచి సంచి దాకా ఒకే వాలులో ఉండాలి. మిగులు గొట్టాన్ని మంచం మీద పడుకోబెట్టి, దుప్పటికి క్లిప్పుతో పట్టించాలి.
2. షిఫ్ట్ మారేటప్పుడు సిస్టర్లు గొట్టం ఖాళీ అయిందో లేదో చూడాలి.
3. నిమిషంలో 40 గ్రాములకు మించి పెరిగి, ఆ పెరుగుదల నిలిచి ఉంటే, అది నిజమైన మూత్రమే కానీ పాత గంటలది. ఆ గంటకు, ముందు గంటలకు ‘సందేహం’ అని గుర్తు పడుతుంది.
4. పెరిగి ఐదు నిమిషాల్లో తగ్గిపోతే ఎవరి చెయ్యో, జారిన దుప్పటో తగిలినట్లు. వదిలేస్తాం.
5. రెండు నిమిషాల్లో 60 గ్రాములకు మించి తగ్గి నిలబడితే సంచి ఖాళీ చేసినట్లు. అక్కడి నుంచి కొత్త లెక్క.

హద్దు దాటితే మోగేలా బజర్ పెడదామనుకున్నాం. సీనియర్ సిస్టర్ ఒక్క మాటతో ఆపారు: “ఇంకొక మోత మాకు వద్దు బాబూ. మోగేవన్నీ మోగుతూనే ఉన్నాయి, ఏది నిజమో మేమే వెతుక్కుంటున్నాం.” ఆమె చెప్పింది అక్షరాలా నిజం. బజర్ తీసేశాం. ఆరు గంటల మొత్తం హద్దు కంటే తగ్గితే వెలిగే పసుపు దీపం మాత్రం ఉంది. ముందు గొట్టం చూడాలి, ఆ తర్వాతే డాక్టర్‌కు చెప్పాలి అని దీపం కింద రాసి అంటించాం.

కిలోల లెక్క ఎక్కడిది? మా మంచాలకు తూకం లేదు. పైగా వాపుతో, ఎక్కించిన సెలైన్‌తో బరువు రోజూ మారుతుంది. అందుకే పడుకున్న రోగి పొడవును టేపుతో కొలిచి, వెంటిలేటర్‌కు వాడే సూత్రమే వాడుతున్నాం. పురుషులకు 50, స్త్రీలకు 45.5, దానికి 152.4 సెం.మీ. మించిన ప్రతి సెంటీమీటరుకు 0.91 కలపాలి. 165 సెం.మీ. పురుషుడికి 61.5 కిలోలు, అంటే గంటకు సుమారు 31 మి.లీ. హద్దు.

ఖర్చు: క్లిప్పులు 60. ఇప్పటివరకు: రూ. 1,380

దశ 4: నాలుగు గడియారాలు

కరెంటు పోయి వచ్చాక వైఫై అందేలోపు ఈఎస్‌పీ32 తేదీని 1970 జనవరిగా రాసింది. ఆ వరుసలన్నీ పనికిరాలేదు. అది పోతే పోయింది, అసలు ఇబ్బంది వేరు. ఐసీయూ గోడ గడియారం, ల్యాబ్ యంత్రం, మానిటర్, మా పరికరం నాలుగూ నాలుగు సమయాలు చూపుతున్నాయి. ల్యాబ్ యంత్రం ఏడు నిమిషాలు వెనక ఉంది. శాంపిల్ తీసిన సమయం, ల్యాబ్‌కు అందిన సమయం, పరీక్ష చేసిన సమయం మూడూ వేరు. రిపోర్టు మీద పడేది చివరిది మాత్రమే.

డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టాం. కరెంటు పోయినా ఆగకుండా చిన్న బ్యాటరీ ఇచ్చాం. శాంపిల్ సీసా మీద తీసిన సమయాన్ని సిస్టర్ పెన్నుతో రాస్తారు. ఆ సమయం లేని సీసాను ల్యాబ్‌లో తీసుకోను. మొదట్లో కొంత రుసరుస ఉండేది, ఇప్పుడు అలవాటైంది.

ఖర్చు: మాడ్యూల్ 180, బ్యాటరీ, ఛార్జర్ 400. ఇప్పటివరకు: రూ. 1,960

దశ 5: సెడిమెంట్

నాకు అన్నిటికంటే ఇష్టమైన దశ ఇది. కిడ్నీ సూక్ష్మనాళాలు దెబ్బతింటే వాటి గోడ కణాలు, వాటితో తయారై నాళం అచ్చులా ఉండే గోధుమ రంగు గరుకు కాస్ట్‌లు మూత్రంలోకి వస్తాయి. రోగి కిడ్నీలోంచి నేరుగా వచ్చిన ముక్కను కళ్లతో చూస్తున్నామన్నమాట. యంత్రం ‘కాస్ట్‌లు లేవు’ అన్న నమూనాల్లో కంటికి దొరికిన సందర్భాలున్నాయి. ఈ నైపుణ్యం ల్యాబుల్లో తగ్గిపోతుండటం నాకు బాధగా ఉంది.

స్కోరు: 10 రెట్ల లెన్స్‌తో చూసే ఒక్కో ఫీల్డులో గరుకు కాస్ట్‌లు లేకపోతే 0, 1 నుంచి 5 ఉంటే 1, 6 లేదా అంతకు మించి ఉంటే 2. 40 రెట్ల లెన్స్‌తో నాళ కణాలకూ అదే పద్ధతి. రెండూ కలిపితే 0 నుంచి 4. ఈ స్కోరు పెరిగే కొద్దీ కిడ్నీ పరిస్థితి ముదిరే అవకాశం పెరుగుతుందని 2010లో పెరాజెల్లా బృందం చూపించింది.

మొదట్లో కాస్ట్‌లు సరిగా కనబడకపోవడానికి కారణాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

మొదటిది సెంట్రిఫ్యూజ్, అంటే శాంపిల్‌ను గిరగిరా తిప్పి కణాలను అడుగుకు చేర్చే యంత్రం. ల్యాబుల్లో అలవాటుగా నిమిషానికి 3,000 చుట్ల మీద తిప్పుతారు. మా యంత్రంలో రోటర్ మధ్య నుంచి గొట్టం అడుగుకు 13 సెం.మీ. గొట్టం అడుగున పడే బలానికి సూత్రం: 0.00001118 × 13 × వేగం × వేగం. 3,000 దగ్గర అది గురుత్వాకర్షణకు 1,300 రెట్లు అవుతుంది. కావలసింది 400 చుట్టూ. పెళుసైన కాస్ట్‌లు అంత ఒత్తిడికి విరుగుతాయి. 1,660కి తగ్గించాక అదే శాంపిల్ రెండో సగంలో నిండు కాస్ట్‌లు కనిపించాయి. మీ యంత్రం కొలత వేరైతే వేగమూ వేరవుతుంది.

రెండోది సంచి. యూరోబ్యాగ్ అడుగు కుళాయి నుంచి పట్టిన మూత్రం ఎన్ని గంటలదో చెప్పలేం. పలచటి, క్షారగుణం ఉన్న మూత్రంలో కాస్ట్‌లు కరిగిపోతాయి. రెండు గంటలు దాటిన శాంపిల్ వృథా.

మూడోది కండెన్సర్, అంటే మైక్రోస్కోపులో స్లైడు కింద వెలుతురును కూర్చే కటకం. పూర్తి వెలుతురులో కాస్ట్‌లు మాయమవుతాయి. కండెన్సర్ దించి వెలుతురు తగ్గించాలి.

ఇప్పటి క్రమం:

1. గొట్టం మీద శాంపిల్ పోర్టుకు దిగువన క్లాంపు. 15 నిమిషాలకు మించకూడదు. క్లాంపు తీశామని సిస్టర్, నేను ఇద్దరం సంతకం చేస్తాం. మరిచిపోతే మూత్రం వెనక్కి తన్నుతుంది.
2. పోర్టును స్పిరిట్‌తో తుడిచి స్టెరైల్ సిరంజితో 15 మి.లీ. గొట్టాన్ని ఎక్కడా విడదీయకూడదు.
3. 10 మి.లీ. 400 రెట్ల వద్ద 5 నిమిషాలు.
4. పైన 9.5 మి.లీ. తీసేసి, మిగిలిన 0.5 మి.లీ.ని మెల్లగా కదిపి ఒక చుక్క స్లైడు మీదకు.
5. 10 ఫీల్డులు లెక్కించి సగటు. ఫోనుతో ఫొటోలు. మరొకరు రోగి వివరాలు తెలియకుండా విడిగా లెక్కించాలి.

కామెర్లున్న రోగుల్లో జాగ్రత్త. పిత్తరంగు పట్టిన కాస్ట్‌లు గరుకు కాస్ట్‌ల్లా భ్రమ కలిగిస్తాయి. వాటికి వేరే గడి పెట్టాం.

ఖర్చు: కోనికల్ ట్యూబులు, స్లైడులు 850, ఫోను పట్టే బిగింపు 600. ఇప్పటివరకు: రూ. 3,410

దశ 6: స్ట్రిప్, అల్బుమిన్

స్ట్రిప్‌ను (మూత్రంలో ముంచితే రంగు మారే పట్టీ) జల్లెడగా వాడుతున్నాం. రక్తం గడి రంగు మారి, మైక్రోస్కోపులో ఎర్రకణాలు లేకపోతే అది హిమోగ్లోబిన్ లేదా మయోగ్లోబిన్ (కండరాల ప్రోటీన్) కావచ్చు. రక్తపింజరి కాటులో, వడదెబ్బలో కండరాలు కరిగినప్పుడు ఇదే కనబడుతుంది. ఇది బయోమార్కర్ పరిశోధన కోసం ఆగే సంగతి కాదు, వెంటనే డాక్టర్‌కు ఫోను చేస్తాం. విటమిన్ సి ఎక్కువ మోతాదులో ఎక్కిస్తుంటే స్ట్రిప్ రక్తాన్ని పట్టుకోలేకపోవచ్చు. అందుకే మందుల చార్టు చూసి రాసుకుంటున్నాం.

ఒళ్లంతా ఇన్‌ఫ్లమేషన్ (జబ్బుపై శరీరం చేసే ప్రతిచర్య) ఉన్న తీవ్ర జబ్బులో రక్తనాళాల లోపలి పొర కారుతుంది. కిడ్నీ వడపోతలోనూ ఆ కారుడు అల్బుమిన్‌గా కనబడుతుంది. మామూలుగా గ్రాము క్రియాటినిన్‌కు 30 మి.గ్రా. లోపు ఉండాలి. ఐసీయూలో ఒక్క అంకెతో ఏమీ తేలదు. చక్కెర వ్యాధి, బీపీ ఉన్నవాళ్లకు ముందే ఎక్కువగా ఉండవచ్చు. మూత్ర ఇన్ఫెక్షన్, రక్తం కలిసినా పెరుగుతుంది. కాబట్టి చేరినప్పుడు ఒకటి, 24 గంటలకు ఒకటి. తగ్గుతోందా లేదా అన్నదే చూస్తున్నాం.

ఒక శాంపిల్‌లో స్ట్రిప్ మీద ప్రోటీన్ మూడు ప్లస్‌లు, యంత్రంలో అల్బుమిన్ స్వల్పం. యంత్రంలో అల్బుమిన్‌ను పట్టుకునే యాంటీబాడీ చాలనంత అల్బుమిన్ ఉంటే అది తక్కువ చూపుతుంది. పది రెట్లు పలచన చేస్తే అసలు విలువ బయటపడింది. ఇప్పుడు స్ట్రిప్ రెండు ప్లస్‌లు దాటిన ప్రతి శాంపిల్‌నూ పలచన చేసి మళ్లీ చూస్తాం. మైనస్ 20 ఫ్రీజర్‌లో పెడితే అల్బుమిన్ తగ్గుతుంది కాబట్టి గడ్డకట్టించడం లేదు, అదే రోజు చేస్తున్నాం.

నిష్పత్తిలో మరో చిక్కు ఉంది. కిడ్నీ పనితీరు గంటగంటకూ మారుతున్నప్పుడు మూత్రంలోని క్రియాటినిన్ కూడా నిలకడగా ఉండదు. అందుకే నిష్పత్తితో పాటు గంటకు ఎన్ని మి.గ్రా. అల్బుమిన్ వచ్చిందో కూడా రాస్తున్నాం. తూకం లేకపోతే ఈ లెక్క సాధ్యమయ్యేది కాదు.

ఖర్చు: స్ట్రిప్‌లు 420. రియేజెంట్ ఆసుపత్రిదే. ఇప్పటివరకు: రూ. 3,830

దశ 7: ‘ఫలితం’ అనే గడి

పట్టికలో చివరి గడి ‘ఫలితం’. డిశ్చార్జి లేదా మరణం అని రెండే పెట్టుకుని మొదలుపెట్టాం. మొదటి వారాల్లోనే ఆ గడి చాలదని తేలింది. డబ్బు అయిపోయి, లేదా ఆశ వదులుకుని, సంతకం పెట్టి రోగిని ఇంటికి తీసుకెళ్లే కుటుంబాలుంటాయి. హైదరాబాద్‌కు పంపిన వాళ్లుంటారు. వీళ్లను బతికినట్లు రాస్తే మన సూచిక పనిచేయనట్లు కనబడుతుంది. పట్టిక నుంచి తీసేస్తే అందరికంటే జబ్బు ముదిరిన వాళ్లే మాయమవుతారు. రెండూ అబద్ధమే. వాళ్లు కట్టలేని బిల్లు మన లెక్కలో ఖాళీ గడిగా మిగలడం నాకు సమ్మతం కాదు.

ఇప్పుడు గడులు ఐదు:

1. 72 గంటల్లో రెండు లేదా మూడో దశ కిడ్నీ దెబ్బ.
2. డయాలసిస్.
3. ఐసీయూలో మరణం, ఏ గంటకు.
4. ఇంటికి తీసుకెళ్లారు, ఏ గంటకు, ఏ స్థితిలో.
5. పెద్ద ఆసుపత్రికి పంపారు.

అనుమతి ఇచ్చిన బంధువుకు 28వ రోజున ఫోను చేస్తాం. ఫోనులో మొదట ఏం అడగాలో, ఏం అడగకూడదో డాక్టర్ గారు రాసిచ్చారు. రోగి లేరని తెలిస్తే మిగతా ప్రశ్నలు వదిలేస్తాం.

అంచనా నమూనా, అంటే సూచికలను బట్టి ఫలితాన్ని ముందే చెప్పే లెక్క, ఇంకా కట్టలేదు. అంచనా వేయాల్సిన సంఘటన ఒక్కో సూచికకు కనీసం పదిసార్లు జరిగి ఉండాలన్నది పాత లెక్క. మూడు సూచికలకు ముప్పై. అది చేరేదాకా కట్టం. ఒకే రోగి శాంపిళ్లను ఆ లెక్క నేర్చుకునే గుంపులోనూ, దాన్ని పరీక్షించే గుంపులోనూ కలపకూడదు. కలిపితే రోగిని గుర్తుపట్టడాన్నే జబ్బును ఊహించడంగా చూపిస్తుంది.

దశ 8: తర్వాతి పని

డాక్టర్లు ఫ్యూరోసెమైడ్ (మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మందు) పరీక్ష చేసినప్పుడు మా తూకం ఉపయోగపడుతోంది. మొదటి దశల్లో ఉన్న రోగికి కిలోకు 1 మి.గ్రా., ఆ మందు అంతకుముందు వాడి ఉంటే 1.5 మి.గ్రా. ఇచ్చి, రెండు గంటల్లో 200 మి.లీ. కంటే తక్కువ వస్తే కిడ్నీ దెబ్బ ముదిరే ముప్పు ఎక్కువని 2013లో చావ్లా బృందం చెప్పింది. ఎవరికి చేయాలో, ఎవరికి చేయకూడదో పూర్తిగా డాక్టర్ల నిర్ణయం. మేము ఆ రెండు గంటలకు నిమిషం వారీ గీత ఇస్తాం, మందు ఇచ్చే ముందు గొట్టం ఖాళీ చేయిస్తాం.

రెండో మంచానికి పరికరం కడుతున్నాం. ఉష్ణోగ్రత దిద్దుబాటు అంకె లేకుండా బయటికి రాకూడదని, 24 గంటల నీళ్ల సీసా పరీక్ష కాగితాన్ని పెట్టె మూతకే అంటిస్తున్నాం. రెండో యూనిట్ సామాను: లోడ్ సెల్ చేతిలో ఉంది, మిగతాది రూ. 1,640. అది కలిపితే: రూ. 5,470